మనం, మేం, వుయ్

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా వీధిలో కుక్క మొరిగితే పులి గాండ్రించిందని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. నిజంగా పులే వస్తే ఏమని చెప్పాలో తెలియక ఇంతవరకూ అడవి వైపు వెళ్ళలేదు. తెనాలిలో నన్నెరిగినవాళ్ళు నా మాట వినగానే ముందు సగం తీసేస్తారు, తర్వాత మిగిలినదాని వైపు అనుమానంగా చూస్తారు. మీరూ అలాగే చేయండి. పొడుగులు కుదించుకోండి, లావులు తగ్గించుకోండి. కాకపోతే పెంచి చెప్పడం వేరు, లేనిదాన్ని కల్పించడం వేరు. ఇందులో పెంచింది అడుగడుగునా ఉంటుంది. కల్పించింది మాత్రం ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నేను పనిచేసే కాలేజీలో సోషియాలజీ డిపార్ట్‌మెంటు మెట్ల కింద ఉంటుంది. సమాజాన్ని అట్టడుగు నుంచి చూడాలని ఆ భవనం కట్టినవాడి ఉద్దేశం కాబోలు. కుర్చీలోంచి లేచేటప్పుడు తల వంచకపోతే, పై అంతస్తుకి వెళ్ళే కామర్స్ పిల్లల బరువంతా నా నెత్తి మీదే. ఫ్యాను ఉంది. గాలి కన్నా నిట్టూర్పులు ఎక్కువ వదులుతుంది. ఆ గదిలో కూర్చుని నేను రాజకీయాల మీదా అసమానతల మీదా పరిశోధన చేసే పిల్లలకి దారి చూపిస్తుంటాను. దారి చూపించడమంటే, నా దగ్గరికి వచ్చినవాళ్ళని మొదటి రోజే ఏడిపిస్తాను. ఆ తర్వాత ఏడిపించాల్సిన పని విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. నా ఎర్ర పెన్ను పడ్డ అధ్యాయం ఒకసారి చికెన్ కొట్టు బల్ల మీద మర్చిపోతే, ఆ కొట్టువాడు "సార్, దీన్ని చూడలేకపోతున్నానండి, తీసుకుపోండి" అని మనిషిచేత పంపించాడు.

అలాంటి గదిలోకి ఒకమ్మాయి రేపల్లె ప్యాసింజర్ దిగి వచ్చింది. రేపల్లె దాటి, సముద్రం వైపు ఇంకా దిగువకి పోతే వచ్చే పడవల ఊరు వాళ్ళది. తండ్రి వేటకి పోతాడు. తల్లి రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుంది. గాలికి ఎదురు పిలిచి పిలిచి పెరిగిన గొంతు. ఆమె మా గదిలో మామూలుగా మాట్లాడితే పైన కామర్స్ వాళ్ళు నోట్సు రాసుకున్నారు.

"ఏంటమ్మా నీ టాపిక్కు?" అన్నాను.

"రెండు మాటలండి సార్."

"చెప్పు, వింటున్నా."

"చెప్పేశానండి. ఆ రెండు మాటలే టాపిక్కు. మనం, మేం."

నేను ఎర్ర పెన్ను మూత పెట్టేశాను. దిద్దడానికి ఏమీ లేనప్పుడు నాకు భయమేస్తుంది.

"ఓట్లప్పుడు మా రేవులోకొచ్చి మనం అంటారండి. మనం రోడ్డేసుకుందాం, మనం జెట్టీ కట్టుకుందాం అని. గెలిచాక అదే నోటితో మేం అంటారండి. మేం చూస్తాం, మేం చెప్తాం, మా దగ్గర నిధుల్లేవు అని. ఆ మనం ఎక్కడ మేం అవుద్దో, ఆ మలుపు పట్టుకోవాలండి."

"దీనికి పీహెచ్‌డీ ఎందుకమ్మా? మీ ఊరి కాకిని అడిగినా చెప్తుంది."

"కాకి చెప్తే ఎవరూ నమ్మరు కదండి సార్. అందుకే పీహెచ్‌డీ."

ఆ రోజు ఆమె ఏడవలేదు. నా రికార్డు పాడైంది.

అదే సమయంలో నా దగ్గర ఇంకో కుర్రవాడు ఉండేవాడు. పిట్టలవానిపాలెం వైపు వాడు. చూపు ఆనినంత మేర వరిచేలున్న ఇల్లు, మండలంలో మాట చెల్లే మేనమామ. అసమానతల మీద అతని పరిశోధన ఒక్క మధ్యాహ్నంలో పూర్తయింది. మేనమామ రైసుమిల్లు ఆవరణలో కూలీలందరినీ వరసగా కూర్చోబెట్టారు. ఎదురుగా మేనమామ పడక్కుర్చీలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటుంటే కుర్రవాడు ఒక్కొక్కరినీ అడిగాడు: "ఇక్కడ మీకేమైనా తేడాలు చూపిస్తారా?" వాళ్ళు మేనమామ వైపు చూసి, "లేదండి" అన్నారు. అందరూ అదే మాట. మిల్లు మీద వాలిన పావురాలు కూడా లేదండి అన్నాయని నా నమ్మకం. డెల్టాలో అసమానతలు అంతరించాయని అతను తేల్చాడు. ఆ థీసిస్‌లో నేను దిద్దింది కామాలు మాత్రమే.

ఈ అమ్మాయి మాత్రం ఏళ్ళ తరబడి తిరిగింది. మీటింగులకి పోయేది, పంచాయితీ ఆఫీసు మెట్ల మీద కూర్చునేది, నాయకుల వాకిళ్ళలో నిలబడేది. ఎవరు ఎవరితో మనం అన్నారో, ఎవరితో మేం అన్నారో వినేది. గైడు కూడా ఒకసారి ఊళ్ళోకి వెళ్ళాలన్న నియమం ఉంది కాబట్టి, ఎన్నికల ఫలితాల రోజు నేనూ వెళ్ళాను. చెరుకుపల్లి దగ్గర ఒక నాయకుడి ఇల్లు. బాణసంచా పొగకి కృష్ణా అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా దగ్గారని చెబుతాను, మీరు సగం తీసేయండి. అమ్మాయి బాబాయి, పడవల మనిషి, మెడలో కండువాతో గేటు దగ్గరికి ఉరికొచ్చి నాయకుడి బావమరిది చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మనం గెలిచామండీ!"

"ఆఁ ఆఁ, గెలిచాం మేం. కాస్త అటు జరగండి, కారు తియ్యాలి."

బాబాయి జరిగాడు. నవ్వుతూనే జరిగాడు. కారు వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆ పక్కనే ఉండిపోయాడు, ఇంకో కారు ఉందేమోనని.

నాయకుడు నన్ను చూసి, "మాస్టారూ, రండి రండి! ఒరే, కుర్చీ వెయ్యండ్రా. మీరు మనోళ్ళేనంటగా?" అన్నాడు.

"మనోళ్ళేనండి" అన్నాను. ఎవరి మనోళ్ళో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కుర్చీ వచ్చింది.

"ఏ ఊరు పిల్లా నీది?" అన్నాడు అమ్మాయితో. ఆమె చెప్పింది. "ఆఁ, మీవాళ్ళు ఈసారి బాగానే వేశారే" అన్నాడు, నా వైపు తిరిగి కాఫీ తెప్పించాడు.

అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, పండగ చేసుకుంటున్నట్టు, "సార్, విన్నారా? మేం కూడా కాదండి, ఏకంగా మీవాళ్ళకి దిగిపోయింది! ఇంకా లెక్కింపు కూడా పూర్తవలేదు!" అంది. చెంపదెబ్బ తిన్న మనిషి తన చెంప మీద వేళ్ళ గుర్తులు కొలుచుకుని సంబరపడటం పరిశోధనలోనే చూస్తాం.

అప్పటి నుంచి ఆమె ఏ మాటైనా "మన థీసిస్ సార్" అనే మొదలుపెట్టేది. మన థీసిస్‌లో రెండో అధ్యాయం, మన థీసిస్‌కి టేబుళ్ళు. నేను అడ్డు చెప్పలేదు. మంచి థీసిస్‌లో వాటా ఎవరికి చేదు?

గడువు మాత్రం అయిపోతూ వచ్చింది. ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించారు, ఇక లేదన్నారు. ఈసారి డిగ్రీ రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, అన్నేళ్ళూ నీళ్ళలో పోసినట్టే. వస్తే రేపల్లెలో ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు ఆమె కోసం ఆపి ఉంచారు. రాకపోతే తల్లి పక్కన, చేపల బుట్ట వెనకాల, పీట సిద్ధంగా ఉంది.

సమర్పించే ముందు తెనాలిలో సెమినారు పెట్టారు. అధ్యక్షత వహించినాయనని అందరూ పెద్దాయన అంటారు. అచ్చమైన తెలుగు ఇంట్లో పుట్టి, అచ్చమైన ఇంగ్లిషులో స్థిరపడ్డాడు. హోటల్లో రెండో చట్నీ కూడా ఇంగ్లిషులోనే అడుగుతాడు, అందుకే ఆయనకి ఎప్పుడూ ఒకటే చట్నీ. ఆయన థీసిస్ తిరగేసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? ఎక్కడ చూసినా మనం, మేం, మనం, మేం. ఇంగ్లిషు థీసిసా, పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నారా? ఈ లోకల్ మాటలు తీసేయండి."

"అవి తీసేస్తే ఇంకేం ఉండదండి సార్."

"నీకు ఇంగ్లిషులో ఒక్క మాట దొరకలేదా?"

ఆయన్ని వదిలి ఆమె నా వైపు చూసింది. నేను తల నిలువుగా ఊపాను. పెద్దల ముందు గైడు తల అడ్డంగా ఊపితే మెడ పట్టేస్తుంది.

ఆమె ఆలోచించి దారి కనిపెట్టింది. మనం ఉన్నచోట 'ఇన్‌క్లూసివ్ వుయ్' అనీ, మేం ఉన్నచోట 'ఎక్స్‌క్లూసివ్ వుయ్' అనీ మార్చమని డీటీపీ షాపు భాయ్‌కి చెప్పింది. ఒకటి నిన్ను కలుపుకునే వుయ్, రెండోది నిన్ను బయట పెట్టే వుయ్. భాయ్ తెనాలిలో తరతరాలుగా అచ్చుపని చేస్తున్న కుటుంబం వాడు. నిఖా పత్రికలూ, పెళ్ళి శుభలేఖలూ, ఎన్నికల కరపత్రాలూ, డాక్టరేట్లూ అన్నీ ఒకే కంప్యూటర్లోంచి పుట్టిస్తాడు. ఒకసారి ఒక శుభలేఖ వెనకాల రిఫరెన్సులు కూడా వచ్చాయంటారు. గడువుకి అదే ఆఖరి రోజు, సాయంత్రం యూనివర్సిటీ ఆఫీసు మూసేలోగా థీసిస్ అక్కడ పడాలి. అమ్మాయి ఒకచోట సంతకాల కోసం పరిగెడుతుంటే, ఇక్కడ భాయ్ మాటలు మారుస్తున్నాడు. ఇన్‌క్లూసివ్, ఎక్స్‌క్లూసివ్ అనే ఆ పొడుగు మాటలు పెట్టగానే టేబుళ్ళు కాగితం దాటి బయటికి పోయాయి. భాయ్ శుభ్రత ఉన్న మనిషి. తర్వాత నాకు తనే గర్వంగా చెప్పాడు.

"చెల్లెమ్మ టేబుళ్ళు గోడ దూకి పారిపోతున్నాయ్ సార్. ఆ తోకలు రెండూ కోసేశా. ఒక్క నొక్కుడు, అంతే. పుస్తకం మొత్తం వుయ్ వుయ్ వుయ్. ఎంత నీట్‌గా వచ్చిందో చూశారా?"

"చూశాను" అన్నాను. చూడలేదు. గైడు చదవకూడదు. చదివితే సంతకం పెట్టడం కష్టమవుతుంది. తర్వాత దాన్ని పరీక్షించి రిపోర్టులిచ్చినవాళ్ళూ ఆ నియమమే పాటించారు. బైండింగు ఇంకా వేడిగా ఉండగానే ఆమె కాపీలు చంకన పెట్టుకుని రైలెక్కేసింది, విప్పి చూడలేదు. చూడాల్సిన పనేముంది, అందులో ఉన్నదంతా ఆమెకి కంఠతా వచ్చు.

ఆ ఏడాది వైవాలు బాపట్లలో ఒక కాలేజీ హాల్లో పెట్టారు. తెనాలి నుంచి నేనూ, అమ్మాయీ, వాళ్ళమ్మా బయల్దేరాం. వాళ్ళమ్మ కొత్త చీర మడతలు నలగకుండా, ఒళ్ళో బెల్లం జిలేబీ బుట్ట పెట్టుకుని కూర్చుంది. ఆ బుట్టలో జిలేబీ బాపట్ల ఊరంతటికీ పంచి, మిగిలింది చీరాల పంపొచ్చు.

"రెండు మాటలు చదవడానికి ఇన్నేళ్ళు తీసుకుందండి సార్ మా పిల్ల" అంది. "మూడో మాటుంటే నేను కాటికి పోయేదాన్ని."

"అమ్మా, ఊరుకుంటావా?"

"ఏం, తప్పా? మీ నాన్న నాతో కాపరమంతా రెండు మాటల్తోనే లాగించాడు. ఆయనకెవరిచ్చారు డాక్టరేటు?"

పరీక్షకుడు ఉత్తరాది నుంచి వచ్చాడు. ఢిల్లీ దాటి, ఆ పైన ఇంకేవో దాటి, అక్కడి నుంచి వచ్చాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. బాపట్ల అనమంటే నాలిక మడతపడి మంచినీళ్ళు అడిగాడు. టిఫిన్‌లో ఉప్మా పెడితే జీడిపప్పులన్నీ ఏరి పక్కన వరసగా నిలబెట్టి, ఒక్కోదాని ఊరూ పేరూ అడుగుతున్నట్టు చూశాడు. ఆయన ఇంగ్లిషులో అన్నవాటిని మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

ముందు పిట్టలవానిపాలెం కుర్రవాడిది అయింది. అసమానతలు పోయాయని తెలిసి పరీక్షకుడు చాలా సంతోషించాడు. ఇక్కడా అధ్యక్షుడి కుర్చీలో ఉన్న పెద్దాయన లేచి చెయ్యి కలిపాడు. మేనమామ పంపిన పూలదండ అప్పటికే హాల్లో ఉంది.

తర్వాత అమ్మాయిని పిలిచారు. వాళ్ళమ్మ వరండాలో బుట్టతో కూర్చుంది. పరీక్షకుడు ఒక పేజీ తెరిచి, బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు.

"'ఎన్నికలకు ముందు నాయకులు జనంతో వుయ్ అంటారు. గెలిచిన తర్వాత వుయ్ అంటారు. వుయ్ నుంచి వుయ్‌కి జరిగే ఈ పతనమే అసమానతకు మూలం.'" ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇంకో పేజీ తీశాడు. "'ఫలితాల రోజు జాలరి అన్నది: వుయ్ గెలిచాం. నాయకుడి బావమరిది అన్నది: వుయ్ గెలిచాం. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అగాధాన్ని గమనించాలి.' అమ్మాయీ, ఎక్కడమ్మా అగాధం?"

హాలు పగలబడి నవ్వింది. పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పూలదండ కుర్రవాడు దండతో సహా ఊగిపోయాడు. అమ్మాయి తన కాపీ తెరిచి చూసింది, పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. తిప్పుతున్నకొద్దీ ఆమె మొహంలో నెత్తురు కాగితాల్లోకి దిగిపోయినట్టు తెల్లబడింది.

"సార్, మొదటి వుయ్‌లో మీరున్నారండి. రెండో వుయ్‌లో మీరు లేరండి."

"నేనెక్కడా లేనమ్మా. నేనివాళ పొద్దున్నే దిగాను."

మళ్ళీ నవ్వులు. పైకప్పు మీది పెంకులు కదిలాయి.

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "సార్, మీరు చెప్పండి సార్. మనం, మేం. మీకు తెలుసు కదండి."

"థీసిస్‌లో ఉన్నదే మాట్లాడాలమ్మా. అందులో ఆ మాటలెక్కడున్నాయ్?"

అప్పుడు నా వైపు చూసింది. నేను లేచి గొంతు సవరించుకున్నాను. "సర్, చిన్న టైపింగ్ పొరపాటు జరిగింది."

"ఎంత చిన్నది?"

"థీసిస్ అంతటా సర్."

ఈసారి నవ్వు బాపట్ల స్టేషన్లో రైలు ఆగిపోయేంత వచ్చింది. తలుపు తోసుకుని వాళ్ళమ్మ లోపలికి వచ్చేసింది. మొహం దీపంలా వెలుగుతోంది.

"ఇంతలా నవ్వుతున్నారంటే అయిపోయినట్టేగా సారూ? తీసుకోండి బాబూ, తీసుకోండి. నువ్వూ తీసుకో అబ్బాయ్, దండ నలుగుద్ది, జాగ్రత్త."

ఎవరూ వద్దనలేదు. పరీక్షకుడు ఒకటి తిని వేళ్ళు నాక్కుని రెండోది తీసుకున్నాడు. పెద్దాయన జిలేబీ బుగ్గన పెట్టుకుని, తల్లి భుజం తట్టి, జాలిగా అన్నాడు.

"మనమ్మాయేనమ్మా, మనకేం కోపం? కాకపోతే మేం రికమెండ్ చేయలేకపోతున్నాం."

అమ్మాయి తలెత్తింది. "సార్, ఇంకోసారి అనండి."

ఆమెకి సరిగ్గా వినపడలేదేమోనని ఆయన ఓపిగ్గా మళ్ళీ అన్నాడు. మన దగ్గర మన, మేం దగ్గర మేం, మొదటిసారి ఎలా పలికాడో అలాగే.

"ఒకే వాక్యంలో రెండూ వచ్చాయండి సార్" అంది నాతో, మెల్లగా. "ఇన్నేళ్ళు తిరిగినా నాకిది దొరకలేదు."

"అంటే ఏంటే? వచ్చిందా, రాలేదా?" అంటోంది వాళ్ళమ్మ, బుట్ట పట్టుకుని, ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ. "జిలేబీ బాగుందమ్మా" అన్నారు ఎవరో.

స్టేషన్‌కి వచ్చాం. వాళ్ళమ్మ కుళాయి దగ్గర ఖాళీ బుట్ట కడుగుతోంది. కడిగిన బుట్టనే మళ్ళీ కడుగుతోంది. ఏదో ఒకటి అనాలి కదా అని నేనే మొదలుపెట్టాను.

"మనం మళ్ళీ రిజిస్టర్ చేద్దామమ్మా. మన థీసిస్ ఎక్కడికి పోతుంది?"

"మీరు ఇబ్బంది పడకండి సార్" అంది. "మేం చూసుకుంటాం."

అక్కడ ఆమె ఒక్కతే నిలబడి ఉంది. "మేం అంటే ఎవరమ్మా?" అన్నాను.

"మీరు కానివాళ్ళండి."

అండి మాత్రం వదల్లేదు. ఆ తర్వాత రైల్లో తెనాలి దాకా వాళ్ళిద్దరూ ఎదురు సీట్లోనే కూర్చున్నా, నాకు కృష్ణా అవతలి ఒడ్డున కూర్చున్నట్టే ఉంది. తెనాలిలో వాళ్ళు రేపల్లె బండికి మారిపోయారు.

రేపల్లె కాలేజీలో ఆమె కోసం ఆపిన పోస్టులో పిట్టలవానిపాలెం కుర్రవాడు చేరాడు. అసమానతల మీద పాఠం బాగా చెబుతాడట, చప్పున అయిపోతుందట. భాయ్ తన షాపు ముందు 'పొడుగు మాటలు తీసుకోబడవు' అని బోర్డు పెట్టాడు. అమ్మాయి మార్కెట్లో వాళ్ళమ్మ పక్కన కూర్చుంటోంది. మొన్న ఆ వైపు పోతూ ఆగితే, "రండి సార్, మా దగ్గర ఇవాళ మంచి పండుగప్ప ఉందండి" అంది. మా దగ్గర. చేప బాగానే ఉంది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. పెంకులు కదల్లేదు, రైలు ఆగలేదు, చికెన్ కొట్టువాడు నా అధ్యాయాన్ని పొట్లాలు కట్టుకోవడానికి అట్టేపెట్టుకున్నాడు. అవన్నీ పెంచినవి. భాయ్ కోసిన తోకలు నిజం, జిలేబీ నిజం, పెద్దాయన వాక్యం అక్షరం పొల్లు పోకుండా నిజం.

కల్పించింది ఉత్తరాది పరీక్షకుణ్ణి. అలాంటివాడెవరూ రాలేదు. వచ్చినాయన పొన్నూరు అవతల నుంచి పొద్దున్నే బస్సులో దిగాడు. ఉప్మా మారు అడిగి వేయించుకున్నాడు. రెండో జిలేబీ తీసుకుంటూ, "మన తెనాలిదేనా అమ్మా?" అని అడిగాడు. ఆయన ఇంగ్లిషుని నేను తెలుగు చేశానన్నదీ అబద్ధమే. చదివిన వాక్యాలు ఇంగ్లిషువే గానీ, "ఎక్కడమ్మా అగాధం" అన్నది ఆయన తెలుగే. భాష రానివాడు నవ్వాడని చెబితే వినేవాళ్ళకి కాస్త సులువుగా ఉంటుందని అతన్ని ఢిల్లీ అవతల నుంచి రప్పించాను. ఆ హాల్లో మనం అంటే ఏంటో, మేం అంటే ఏంటో తెలియనివాడు ఒక్కడూ లేడు.